కొత్త ములాన్‌లో డ్రాగన్ ఏమైంది? నిజంగా చైనా వాళ్ళే తీయించేశారా?

సీతాఫలం
మా పాపకి ఎనిమిదేళ్ళు. పాత డిస్నీ కార్టూన్ ములాన్ (1998ది, మగవేషం వేసుకుని యుద్ధానికెళ్ళిన చైనా అమ్మాయి కథ) పాతికసార్లయినా చూసుంటుంది. నిన్న వానకి బయటికెళ్ళే వీల్లేక, మనుషులతో తీసిన 2020 ములాన్ పెట్టాను. అరగంట కాకుండానే "అమ్మా, ముషూ ఎప్పుడొస్తాడు" అని మొదలెట్టింది. ముషూ, అదే ఆ బుల్లి డ్రాగన్, రాలేదు. పాటల్లేవు. ఆ కెప్టెన్ లేడు. చివరికి పిల్ల సోఫాలోనే పడి నిద్రపోయింది. మా ఆయన అక్కడికక్కడే తేల్చేశారు: "డ్రాగన్ అంటే వాళ్ళకి దేవుడితో సమానం, చైనా గవర్నమెంటే తీయించేసి ఉంటుంది" అని. ఈయన ప్రతిదానికీ చైనానే అంటారు, మిక్సీ పాడైనా సరే. అసలు సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజువాక_గంగిరెద్దు
మిక్సీ విషయంలో మీ ఆయనే రైటు.

టికెట్_చింపుడు
సగం నిజం. ఈ సినిమాని అందరూ అన్నీ ఒకే గంపలో వేసి తిడతారు, అందుకే విడివిడిగా చెప్తా.

ముషూని తీసేయమని గవర్నమెంటు ఆర్డరేమీ వేయలేదు. చైనాలో జనానికే అప్పట్లో వాడు ఎక్కలేదు. వాళ్ళకి డ్రాగన్ అంటే బలం, గౌరవం. ఇదేమో బల్లంత ఉండి హాలీవుడ్ కమెడియన్ ఎడ్డీ మర్ఫీ గొంతుతో నిమిషానికో జోకేస్తుంది. ఈసారి చైనాలో ఆడాలి కాబట్టి డిస్నీ వాళ్ళే పక్కన పెట్టారు. కెప్టెన్ లీ షాంగ్ సంగతికైతే చైనాతో సంబంధమే లేదు. మీటూ తర్వాత, పై ఆఫీసరు తన కింద పనిచేసే అమ్మాయితో ప్రేమలో పడటం బాగోదనిపించిందని నిర్మాత జేసన్ రీడ్ చెప్పాడు.

ముద్దు మాత్రం చైనా లెక్కలోదే. వంతెన మీద ఓ ముద్దు సీను తీశారు కూడా. డిస్నీ వాళ్ళ చైనా ఆఫీసు "ఇది ఇక్కడి జనానికి అతకదు" అంటే కోసేశారు. ఈ మాట బయటపెట్టింది డైరెక్టర్ నికీ కారోనే.

చూశారా, ఈ మూడింటిలో ఎక్కడా బీజింగ్ నుంచి కాగితం రాలేదు.

మల్లేపల్లి_మామ
కాగితం రాకుంటే సర్కార్ చెయ్యి లేనట్టేనా? సినిమా అయిపోయినంక పేర్లు పడతయి చూడు, అవి చదివిర్రా ఎవరన్న?

సీతాఫలం
పేర్లు పడేసరికి పాపని మంచం మీదికి మోస్తున్నానండి. ఏముంది అందులో?

మల్లేపల్లి_మామ
షిన్‌జియాంగ్ కమ్యూనిస్టు పార్టీ ప్రచార విభాగానికి స్పెషల్ థాంక్స్. అక్కడి తుర్పాన్ ఊరి పబ్లిక్ సెక్యూరిటీ బ్యూరోకు స్పెషల్ థాంక్స్. బ్యూరో అంటే పోలీసోళ్ళే. ఉయ్ఘర్ ముస్లింలను శిబిరాలల్ల పెట్టింది ఆ రాష్ట్రంలనే. పది లక్షల మంది దాక ఉన్నరని 2018లనే ఐక్యరాజ్యసమితి కమిటీల మాట వచ్చింది. అదే 2018ల వీళ్ళ షూటింగ్. 2019 అక్టోబర్ల అమెరికా ఆ తుర్పాన్ బ్యూరోను బ్లాక్ లిస్టుల పెట్టింది. 2020 సెప్టెంబర్ల సినిమా వచ్చింది. నడుమ దగ్గర దగ్గర ఏడాది టైముండె, ఆ పేరు తీసేసే సోయి ఎవరికీ రాలే.

తెరచాప99
మామా, ఎక్కడ షూటింగ్ చేస్తే అక్కడి అధికారులకి థాంక్స్ వేయడం రివాజు. అప్పటి డిస్నీ ఫైనాన్స్ చీఫ్ క్రిస్టీన్ మెకార్తీ కూడా అదే చెప్పింది. మన సినిమాల్లో ఎస్పీ గారికీ, దేవస్థానం ఈవో గారికీ, ఇల్లు షూటింగుకిచ్చిన పెద్దాయనకీ థాంక్స్ కార్డు పడదా?

మల్లేపల్లి_మామ
పడతది. మా గల్లీ ఎస్సై క్యాంపులు నడుపుతలేడు కదా భయ్.

ఆక్లాండ్_ఆవకాయ
నేనుండేది న్యూజిలాండ్‌లో కాబట్టి రెండు ముక్కలు. సినిమా దాదాపు అంతా తీసింది ఇక్కడే. మీరు చైనా అనుకుంటున్న కొండలూ లోయలూ చాలావరకు మా సౌత్ ఐలాండ్‌వే. డైరెక్టర్ కూడా ఇక్కడావిడే. షిన్‌జియాంగ్‌లో తీసింది ఎడారి షాట్లు, అవీ ఎక్కువసేపు కనపడవు. నాకు అర్థం కానిది ఒకటే: ఇసుక తిన్నెల కోసం అక్కడిదాకా పోవాలా? ఇసుక ప్రపంచంలో ఇంకెక్కడా దొరకదా?

గాజువాక_గంగిరెద్దు
ఇసుక ఫ్రీగా దొరికితే ఏటవుద్దో మనోళ్ళనడుగు.

మోడరేటర్_2
రాష్ట్ర రాజకీయాలు వద్దు. ఇసుక గొడవకి వేరే థ్రెడ్ ఉంది, 400 పేజీలు దాటింది.

చాంగ్షా_చారు
నేను చాంగ్షాలో ఎంబీబీఎస్ చదివా. 2020 జనవరిలో సెలవలకని ఇంటికొచ్చా, కోవిడ్ వల్ల మళ్ళీ వెళ్ళలేకపోయా. మిగతా చదువంతా అమలాపురంలో ఫోన్ ముందు కూర్చునే. అక్కడి క్లాస్‌మేట్స్‌తో గ్రూపుండేది కాబట్టి, ఈ సినిమా గురించి చైనావాళ్ళు ఏమనుకున్నారో కాస్త తెలుసు.

వాళ్ళు మనకంటే ఎక్కువ తిట్టారు! డౌబాన్ అని వాళ్ళకో రేటింగ్ సైటుంది. అందులో పదికి అయిదు కూడా రాలేదు. ఈ కథకి మూలమైన ములాన్ పాట వాళ్ళందరికీ బడిలో కంఠతా పట్టించేదే. మనకి వేమన పద్యం ఎలాగో వాళ్ళకి అది అలాగ, నిద్రలో లేపినా చెప్తారు. పదిహేను వందల ఏళ్ళ కిందటి ఉత్తరాది పాట అది. సినిమాలో ములాన్ ఇల్లు చూశారా, గుండ్రంగా కోటలాగా ఉంటుంది? అది తులౌ, దక్షిణాన ఫుజియన్‌లో హక్కా జనం కట్టుకునేది. మన లెక్కలో చెప్పాలంటే కాకతీయుల కథ తీసి, రుద్రమదేవిని కేరళ నాలుకెట్టు ఇంట్లో కూర్చోబెట్టడం.

అసలు తమాషా ఇంకోటి. పాటలో సైన్యాన్ని పిలిచే రాజుని "ఖాన్" అంటారు. అప్పటి ఉత్తర వే వంశపు రాజులు షియాన్‌బే జాతివాళ్ళు, ఉత్తరాన స్టెప్పీ గడ్డిమైదానాల నుంచి వచ్చినవాళ్ళు. అంటే ములాన్ కత్తి పట్టిందే ఖాన్ తరఫున. సినిమాలో ఖాన్ ఎవరు? విలను. బోరీ ఖాన్. నా రూమ్మేట్ దీని మీద అరగంట వాయిస్ మెసేజ్ పెట్టాడు, పాపం వాడిది హిస్టరీ పిచ్చి.

సీతాఫలం
చారు గారూ, ఆ పాటలో చివరికి ఏమవుతుంది? పాపకి చెప్తాను.

చాంగ్షా_చారు
యుద్ధం గెలిచి వస్తుంది. రాజు పదవి ఇస్తానంటాడు. వద్దు, ఇంటికెళ్ళడానికి మంచి గుర్రం ఇప్పించండి చాలు అంటుంది. ఇంటికొచ్చి పాత బట్టలు కట్టుకుని, అద్దం ముందు నుదుటి మీద పసుప్పచ్చ పువ్వుబొట్టు పెట్టుకుని బయటికొస్తే తోటి సైనికులు నోరెళ్ళబెడతారు. పన్నెండేళ్ళు పక్కనే ఉన్నాం, ఆడపిల్లని తెలీలేదే అని. ఆఖర్న కుందేళ్ళ మాట: రెండు కుందేళ్ళు పక్కపక్కన పరిగెడుతుంటే ఏది మగో ఏది ఆడో ఎవరు చెప్పగలరు, అని. కొత్త సినిమాలో కూడా మొదట్లో ఆ కుందేళ్ళ ముక్క వస్తుంది, చూసే ఉంటారు.

తెరచాప99
నేను ఒక్కణ్ణే సినిమా వైపు ఉన్నట్టున్నా. యాక్షన్ బాగుంది, గాంగ్ లీ బాగుంది, డానీ యెన్, జెట్ లీ ఇద్దరినీ ఒకే సినిమాలో చూశాం. హీరోయిన్ మీద బాయ్‌కాట్ పెట్టడం మాత్రం అన్యాయం. చైనాలో ఉండి సినిమాలు చేసుకునే మనిషి ఇంకేం మాట్లాడుతుంది?

టికెట్_చింపుడు
మాట్లాడకుండా ఊరుకోవచ్చుగా. 2019 ఆగస్టులో, హాంకాంగ్ వీధుల్లో జనం లాఠీదెబ్బలు తింటున్న రోజుల్లో, లియు యీఫే "నేను హాంకాంగ్ పోలీసుల పక్షం" అన్న పోస్టు వీబోలో (చైనావాళ్ళ ట్విటర్ లాంటిది) పంచుకుంది. తను అమెరికా పౌరురాలు కూడా. బాయ్‌కాట్ అక్కడ మొదలైంది. హాంకాంగ్, తైవాన్, థాయ్‌లాండ్ కుర్రాళ్ళు కలిసి దాన్ని ఎత్తుకున్నారు. మరుసటేడు ఆగస్టులో ఆగ్నెస్ చౌ అనే హాంకాంగ్ ఉద్యమకారిణి అరెస్టయితే "అసలు ములాన్ ఈమె" అని నెట్ నిండా పెట్టారు.

తెరచాప99
సరే, కానీ చైనాలో స్టార్లందరూ అప్పుడు అదే పోస్టు పెట్టారు. పెట్టకపోతే ఏమవుతుందో మీకూ తెలుసు. మా నాన్న బ్యాంకులో చేసేవారు, యూనియన్ పిలుపంటే ఇష్టం లేకపోయినా జెండా పట్టుకునేవారు. బతుకు అలాంటిది.

టికెట్_చింపుడు
ఆ ముక్క ఒప్పుకుంటా.

రోటో_రాజు
మాది కడపప్పా. హైదరాబాద్‌లో గ్రాఫిక్స్ కంపెనీలో రోటో పని చేస్తా, అంటే ఫ్రేము ఫ్రేముకూ బొమ్మల అంచులు గీసి విడదీసే పని. కాగితం వస్తుందా రాదా అంటున్నారే, నా కళ్ళతో చూసిందొకటి చెప్తా. కంపెనీ పేరు, సినిమా పేరు అడగాకండి.

బయటి దేశం సినిమా. ఓ స్కూలు గదిలో సీను. వెనకాల బెంచీ మీద గ్లోబు ఉంది, అవుట్ ఆఫ్ ఫోకస్‌లో. షాటంతా కలిపి రెండు సెకన్లు. దాని మీద దేశాలు కనపడకుండా తుడిచెయ్యమని నోట్ వచ్చింది. మూడురోజులు కూర్చున్నాము. ఎందుకని మా సూపర్‌వైజర్‌ను అడిగితే, ఎవురో అడిగినందుకు కాదంట, రేపు ఎవురన్నా అడుగుతారేమోనంట. ఒక దేశానికి గీత ఉంటే కోపం, ఇంకో దేశానికి గీత లేకుంటే కోపం. ఆఖరికి మా గ్లోబు మీద సముద్రం తప్ప ఏమీ మిగల్లేదు. నోవా కాలం నాటి భూగోళం మాదిరి.

గాజువాక_గంగిరెద్దు
సముద్రానికీ గొడవే గురూ. అబోమినబుల్ అని 2019లో యతి పిల్ల కార్టూనొకటి వచ్చింది. అందులో మ్యాపు మీద తొమ్మిది గీతలున్నాయని వియత్నాం వాళ్ళు హాళ్ళలోంచి ఎత్తేశారు. దక్షిణ చైనా సముద్రం మాదేనని చైనా గీసుకునే గీతలవి. పిల్లలు యతిని చూద్దామని పోతే పెద్దోళ్ళు గీతలు లెక్కెట్టేరు.

మల్లేపల్లి_మామ
ఇంతకు వీళ్ళకు చైనా మీద ఇంత మోజెందుకు? పైసలేనా?

టికెట్_చింపుడు
పైసలే. హాలీవుడ్‌కి చైనా అంటే మన వాళ్ళకి నైజాం లాంటిది. కాకపోతే ఇక్కడి డిస్ట్రిబ్యూటర్‌తో కూర్చుని షేర్ మాట్లాడుకోవచ్చు, అక్కడ మాటల్లేవు. వసూళ్ళలో వాటా తీసుకునే పరదేశీ సినిమాలు ఏడాదికి 34 అని 2012లో ఒప్పందం అయింది. అంతకుముందు 20. వాటా కూడా రూపాయికి పావలా, అంతే. ఏది లోపలికి రావాలో, పండగ సెలవలకి రావాలో పండగయ్యాక రావాలో చెప్పేది వాళ్ళే. 2018 నుంచి సినిమా శాఖ నేరుగా పార్టీ ప్రచార విభాగం కిందికే పోయింది.

ఆ పావలా కూడా చిన్నది కాదు మరి. 2016 జంగిల్ బుక్ ఒక్క చైనాలోనే 15 కోట్ల డాలర్లు లాగింది. 2019 లయన్ కింగ్ దాదాపు 12 కోట్లు. మన దగ్గర నానితో సింబా, బ్రహ్మానందంతో పుంబా చెప్పించింది అదే. పాత కార్టూన్‌ని మళ్ళీ తీసి అక్కడ వదిలితే డబ్బులొస్తాయని డిస్నీకి గట్టి నమ్మకం కుదిరింది. జంతువుల కథలకే ఇంతొస్తే, వాళ్ళ సొంత కథకి ఎంత రావాలి? 20 కోట్ల డాలర్లు పెట్టారు. చైనాలో మొత్తం వసూలు 4 కోట్లు, కాస్త అటూ ఇటూగా. అందులో చేతికొచ్చేది పావలా.

గాజువాక_గంగిరెద్దు
అబ్బ, ఇది బయ్యర్లు ఆఫీసు ముందు టెంటేసుకునే కేసు.

ఆక్లాండ్_ఆవకాయ
కోవిడ్ సంగతి మర్చిపోకండి. 2020 మార్చి 27న రావాల్సింది. జులైకి, ఆగస్టుకి జరిపి, చివరికి సెప్టెంబరు 4న ఓటీటీలో వదిలారు, నెల చందా మీద అదనంగా 30 డాలర్లు పెట్టి. చైనా హాళ్ళలోకి వారం ఆలస్యంగా వెళ్ళింది. అప్పటికి మంచి ప్రింటు అందరి ఫోన్లలో ఉంది.

చాంగ్షా_చారు
ఔను, మా గ్రూపులో లింకు 5వ తేదీకే వచ్చేసింది. (నేను చూడలేదు లెండి. చూశాను.)

ఇంకోటి. బయట షిన్‌జియాంగ్ గొడవ ముదిరాక, ఈ సినిమా గురించి రాయొద్దని చైనా మీడియాకే ఆదేశాలు వెళ్ళాయని రాయిటర్స్ రాసింది. ఎవరి కోసమైతే ముద్దు కోశారో, డ్రాగన్ని వదులుకున్నారో, ఎవరికి థాంక్స్ కార్డు వేశారో, వాళ్ళే నోరు మూయించారు.

మల్లేపల్లి_మామ
గిదైతే మస్తుంది. పెండ్లికొడుకే పెండ్లి బ్యాండు బంద్ పెట్టిచ్చినట్టు.

టికెట్_చింపుడు
డిస్నీకి ఇది మొదటిసారీ కాదు. వెనక్కి వెళ్ళండి, 1997. దలైలామా మీద మార్టిన్ స్కోర్సీసీ తీసిన కుందున్ డిస్నీ బ్యానర్ మీదే వచ్చింది. తీయొద్దని చైనా ముందే హెచ్చరించింది. మానలేదు, కానీ అమెరికాలో కూడా గుట్టుగా, కొద్ది హాళ్ళలో వదిలారు. చైనా కోపం మాత్రం తగ్గలేదు. రాజీకి అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కిసింజర్ని పెట్టుకున్నారు. 1998 అక్టోబరులో డిస్నీ అధిపతి మైకేల్ ఐస్నర్ బీజింగ్ వెళ్ళి, ప్రధాని ఝు రోంగ్జీ ముందు "అది తెలివితక్కువ పొరపాటు, మళ్ళీ జరగదు" అన్న ధోరణిలో క్షమాపణ చెప్పుకున్నాడు.

ఆ రాజీలో ముందుకొచ్చిన సినిమా ఏదో తెలుసా? మీ పాప పాతికసార్లు చూసిన ములానే. చైనాలో దాన్ని 1999 ఫిబ్రవరిలో వదలనిచ్చారు, అదీ వాళ్ళ కొత్త సంవత్సరం సెలవలు అయిపోయాక. సంక్రాంతి సినిమా కనుమ దాటాక రిలీజ్ చేస్తే ఎలా ఉంటుంది? అలాగే ఆడింది. ఆ తర్వాత షాంఘైలో డిస్నీలాండ్ వచ్చింది, 2016లో. అందులో 57 శాతం వాటా చైనా సర్కారు సంస్థలది. ఇప్పుడు చెప్పండి, ఇన్ని కోట్లు అక్కడ పెట్టినవాడికి కాగితం రావాలా?

సీతాఫలం
అయ్య బాబోయ్. నేను డ్రాగన్ గురించి అడిగాను.

రోటో_రాజు
ఎలుగుబంటి కథ చెప్పేదా? క్రిస్టఫర్ రాబిన్ అని 2018లో వచ్చిందే, విన్నీ ద పూ బొమ్మలను నిజమైన వాటి మాదిరి గ్రాఫిక్స్‌లో చేసి. చైనాలో రిలీజే ఇయ్యలేదు. కారణం చెప్పలేదు. అయితే షీ జిన్‌పింగ్‌ను పూతో పోల్చి నెట్లో వాళ్ళే మీములు వేసేవాళ్ళు కదా, 2013 నుంచి. అందరూ దానికే ముడిపెట్టినారు. మా ఆఫీసులో ఆ ఎలుగుబంటి బొచ్చు పనితనం చూసి మేమంతా నోళ్ళు తెరుచుకున్నాము. అంత పని చేసినాక మొహం ఎవురో పెద్దాయనను పోలిందని ఆపితే ఎట్లుంటాది చెప్పండి.

తెరచాప99
కోటా నిండిపోయి ఉండొచ్చు కూడా. ప్రతిదాన్నీ మీమ్‌కి కట్టేస్తే ఎలా?

రోటో_రాజు
కావచ్చు. కారణం చెప్పకుంటే అందరూ అన్నీ అనుకుంటారు. వాళ్ళకు కావల్సింది అదేనేమో.

మల్లేపల్లి_మామ
ఒక్క చైనానే అంటే నేను ఒప్పుకోను. అమెరికల యుద్ధవిమానాలు కావాలంటే స్క్రిప్టు పెంటగాన్‌కు చూపియ్యాలె. వాళ్ళు మార్చమంటే మార్చాలె. మనకాడ? 2019ల వాల్మీకి అన్న సినిమా రిలీజ్ రేపనంగ గద్దలకొండ గణేష్ అయింది. పోస్టర్లు మార్చనీకి కూడ టైం లేకుండె. గప్పుడు ఏ దేశం ఒత్తిడి?

టికెట్_చింపుడు
మామా, పెంటగాన్ ముక్క నిజం. కానీ వాళ్ళ విమానాలు వద్దనుకుంటే గ్రాఫిక్స్‌లో చేసుకుని సినిమా రిలీజ్ చేసుకోవచ్చు, హాలు మూయరు. గద్దలకొండ సంగతి అంటావా, అది మన ఇంటి గొడవ, సెన్సారు, కోర్టు, బోయ సంఘాలు, ఎవరేమడిగారో పేపర్లో వచ్చింది. చైనా విషయంలో చిక్కేమిటంటే అక్కడి సెన్సారు ఇక్కడ నేను చూసే సినిమాని కూడా కోస్తుంది. ములాన్ ముద్దు చైనా ప్రింటులోనే కాదు, విజయవాడ ప్రింటులోనూ లేదు. డాక్టర్ స్ట్రేంజ్‌లో టిబెటన్ గురువు కాస్తా కెల్టిక్ (ఐరోపా జాతి) ఆవిడ అయిపోయింది, అదీ అందరికీ కలిపి ఒకటే ప్రింటు.

మల్లేపల్లి_మామ
గీ పాయింటు మంచిగుంది. కాని మనకాడ మంచిగుందని మాత్రం అనకు.

టికెట్_చింపుడు
అనలేదు.

ఆక్లాండ్_ఆవకాయ
వంగకపోయినా ఆడుతుంది కూడా. దంగల్ చైనాలో వెయ్యి కోట్లు దాటింది కదా. అక్కడ పెట్టిన పేరుకి అర్థం "నాన్నా, కుస్తీ పడదాం" అట. హర్యానా ఊళ్ళో కథ, చైనావాళ్ళ కోసం వండింది కాదు. నిర్మాతల్లో డిస్నీ ఇండియా కూడా ఉంది, అదీ విచిత్రం.

చాంగ్షా_చారు
దంగల్ నాకు అన్నం పెట్టింది. ఇండియన్ అనగానే క్యాంటీన్ ఆంటీ "ఆమిర్ ఖాన్!" అని ఒక గుడ్డు ఎక్స్‌ట్రా వేసేది. బాహుబలి అని చెప్పి చూశాను, గుడ్డు రాలేదు.

గాజువాక_గంగిరెద్దు
ప్రభాస్ ఫ్యాన్స్ వచ్చే లోపు ఈ పోస్ట్ ఎడిట్ చేసుకో డాక్టర్.

తెరచాప99
ఇంక ఈ బాధంతా ఎక్కువ కాలం ఉండదులెండి. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల గొడవకి జవాబుగా అమెరికా సినిమాలు తగ్గిస్తామని చైనా సినిమా శాఖే ప్రకటించింది. వాళ్ళకిప్పుడు సొంత కార్టూన్లే చాలు. అదే ఏడాది నెజా 2 ఒక్క చైనాలోనే ఎన్ని వేల కోట్లు తెచ్చిందో చూశాంగా.

రోటో_రాజు
దాంట్లో డ్రాగన్లు ఉన్నాయి. కామెడీ కూడా చేస్తాయి.

గాజువాక_గంగిరెద్దు
మరి ముషూ ఏం పాపం చేశాడ్రా నాయనా!

సీతాఫలం
అందరికీ థాంక్స్. పాపకి కుందేళ్ళ ముక్క చెప్పాను. "మరి గుర్రం ఇచ్చారా?" అని అడిగింది. ఇచ్చారన్నాను. ఇప్పుడు మళ్ళీ పాత కార్టూనే నడుస్తోంది, ఇరవయ్యారోసారి.

మా ఆయన థ్రెడ్ మొత్తం చదివి "చూశావా, నేను చెప్పలేదూ, చైనానే" అని కాలర్ ఎగరేశారు. నేను లేచి వెళ్ళి మిక్సీ తిరగేసి చూశా. కింద స్టిక్కరు మీద కోయంబత్తూరు అని ఉంది.